కార్బన్ పట్టే కోర్సుకు లక్ష పైన ఫీజు కట్టాలా? థర్మల్ ప్లాంట్లకు ఈ యంత్రాలు నిజంగా వస్తాయా?

ఎరై_గట్టు
మా అక్క కొడుకు కెమికల్ డిప్లొమా పూర్తి చేసి ఖాళీగా ఉన్నాడు. ఒక శిక్షణ సంస్థ వాళ్లు మహారాష్ట్రలో మా చంద్రపూర్ వచ్చి సమావేశం పెట్టారు. ఇకమీదట ప్రతి బొగ్గు ప్లాంటులోనూ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమిలో దాచే యూనిట్ తప్పనిసరి అవుతుందట. ప్రపంచమంతా లక్షల కోట్ల వ్యాపారమట. ఇప్పుడే చేరితే మన 2920 మెగావాట్ల ప్లాంటులోనే ఉద్యోగం ఖాయమట. ఫీజు లక్షా ఇరవై వేలు. అక్క బంగారం తాకట్టు పెడతానంటోంది.

దుర్గాపూర్ వైపు కాలనీల్లో ఇంకో మాట కూడా నడుస్తోంది. ఈ యంత్రం వస్తే మేడ మీద ఆరేసిన బట్టలపై బూడిద పడే బాధ కూడా తీరుతుందని. ఇదంతా నిజమేనా? ప్రపంచంలో ఎక్కడ పెట్టారు, ఎవరు డబ్బు పెడుతున్నారు? తెలిసినవాళ్లు చెప్పండి. ఆదివారంలోగా కట్టాలంటున్నారు.

బల్లార్షా_జంక్షన్
ఆదివారం గడువు పెట్టారంటేనే కట్టవద్దు.

గని_మేస్త్రి
బంగారం జోలికి పోవద్దని మీ అక్కకు గట్టిగా చెప్పు. యంత్రం సంగతి ఆవిరి_గొట్టం చెప్పాలి. బాయిలర్ల దగ్గరే జుట్టు నెరిసిన మనిషి.

ఆవిరి_గొట్టం
బాబాయ్ పిలిచాక రాకుండా ఎలా ఉంటాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

యంత్రం నిజమే. చిమ్నీకి పోయే పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 14 శాతం ఉంటుంది, మిగతాది చాలావరకు నైట్రోజన్. ఆ పొగను చల్లబరిచి, పొడవాటి టవర్‌లో అమీన్ అనే ద్రావణంతో కడుగుతారు. అమీన్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. తర్వాత ఆ ద్రావణాన్ని ఇంకో టవర్‌లో 120 డిగ్రీల దాకా వేడి చేస్తే వాయువును వదిలేస్తుంది. దాన్ని కంప్రెసర్‌తో నొక్కి పైపులో పంపుతారు. ద్రావణం తిరిగి మొదటి టవర్‌కు వస్తుంది. ఇందులో కొత్త విద్య ఏమీ లేదు, యూరియా కర్మాగారాల్లోనూ సహజ వాయువు శుద్ధిలోనూ దశాబ్దాలుగా ఇలాంటి టవర్లు నడుస్తున్నాయి.

కష్టమంతా ఆ వేడి దగ్గరే ఉంది. టర్బైన్‌కు పోవలసిన ఆవిరిని మధ్యలో లాగి అమీన్‌ను వేడి చేయాలి. దానికి కంప్రెసర్ కరెంటు కలిపితే ప్లాంటు ఉత్పత్తిలో 20 నుంచి 30 శాతం ఈ పనికే పోతుంది. 500 మెగావాట్ల యూనిట్ బయటికిచ్చేది 350, 400 మధ్యకు పడిపోతుందన్నమాట.

పెద్ద ఎత్తున బొగ్గు కరెంటుకు దీన్ని మొదట తగిలించింది కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో. బౌండరీ డ్యామ్ మూడో యూనిట్, 2014 అక్టోబరు. ఏటా 10 లక్షల టన్నులు పట్టాలన్నది లక్ష్యం, ఖర్చు దాదాపు 150 కోట్ల కెనడా డాలర్లు. రెండోది అమెరికాలో హ్యూస్టన్ దగ్గరి పెట్రా నోవా, 2017 మొదట్లో పని మొదలుపెట్టింది. ఏటా 14 లక్షల టన్నుల సామర్థ్యం, ఖర్చు 100 కోట్ల డాలర్లు. చైనాలో తైజౌ ప్లాంటు దగ్గర ఏటా 5 లక్షల టన్నుల యూనిట్‌ను 2023 జూన్‌లో మొదలుపెట్టారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన దేశం ఇంకా చాలా ఏళ్లు బొగ్గు కాలుస్తుంది. నిన్న మొన్న కట్టిన యూనిట్లను రేపు పడగొట్టరు. కాబట్టి ఈ విద్య మనవాళ్లు నేర్చుకోవాలి. ఆ సంస్థకు లక్ష కట్టడం మాత్రం వేరే సంగతి.

పద్దుల_పుస్తకం
ఆవిరి_గొట్టం గారు యంత్రం నడిచే తీరు చెప్పారు, నేను డబ్బు నడిచే తీరు చెబుతాను. అసలు కథ అందులోనే ఉంది.

పెట్రా నోవా పట్టిన వాయువును 130 కిలోమీటర్ల పైపులో ఒక పాత చమురు క్షేత్రానికి పంపి, అక్కడ మిగిలిన చమురును పైకి నెట్టడానికి వాడారు. ప్లాంటుకు ఆదాయం ఆ చమురే. 2020లో కరోనాతో చమురు ధర కూలిపోయింది, మే నెలలో యూనిట్ ఆపేశారు. 2022లో అమెరికా భాగస్వామి తన సగం వాటాను జపాన్ భాగస్వామికి 36 లక్షల డాలర్లకు అమ్ముకుంది. 100 కోట్ల డాలర్ల ప్రాజెక్టులో సగం వాటా ధర అది! మళ్లీ నడిచింది 2023 సెప్టెంబరులో.

మిసిసిప్పీలో కెంపర్ అనే ప్లాంటు గురించి ఆ సమావేశంలో చెప్పారా? బొగ్గును వాయువుగా మార్చి ముందే కార్బన్ తీసేస్తామన్నారు. ఖర్చు 750 కోట్ల డాలర్ల దాకా పాకింది. 2017 జూన్‌లో బొగ్గు భాగం వదిలేసి మామూలు సహజ వాయువు ప్లాంటుగా నడుపుకుంటున్నారు.

అమెరికాలో ఇప్పుడు ఊపు ఉందంటే కారణం పన్ను రాయితీ. 2022 చట్టంతో భూమిలో శాశ్వతంగా దాచిన ప్రతి టన్నుకూ 85 డాలర్ల దాకా ఇస్తున్నారు. బ్రిటన్ ప్రభుత్వం 2024 అక్టోబరులో 25 ఏళ్ల మీద 2,170 కోట్ల పౌండ్ల దాకా ఇస్తామని ప్రకటించింది. ఆ ధైర్యంతోనే టీసైడ్‌లో కార్బన్ పట్టే 742 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు కడుతున్నారు. నార్వేకు చెందిన సముద్రంలో స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం దగ్గర 1996 నుంచి కార్బన్ దాస్తున్నారు, అది 1991లో వాళ్లు వేసిన కార్బన్ పన్ను పుణ్యం. ఎవరో ఒకరు టన్నుకు ఇంత అని చెల్లిస్తేనే ఈ వ్యాపారం నిలబడుతుంది. మన కరెంటు బిల్లులో ఆ చెల్లించేవాడు ఎవరు?

ఎరై_గట్టు
ప్రపంచం మొత్తం మీద ఎంత పడుతున్నారు అక్కా?

పద్దుల_పుస్తకం
అన్ని పరిశ్రమలూ కలిపి ఏటా సుమారు 5 కోట్ల టన్నుల సామర్థ్యం. అందులో సింహభాగం సహజ వాయువు శుద్ధి చేసే చోట్ల ఉంది, కరెంటు ప్లాంట్ల వాటా చాలా చిన్నది. ఇంధనాల నుంచి ప్రపంచం ఏటా వదిలేది 3,700 కోట్ల టన్నులకు పైమాటే.

పత్తిచేను_రాజురా
లెక్కలు బాగున్నాయి. నాకు ఒక్కటే కావాలి. మా పత్తి మీద పడే నల్ల దుమ్ము ఆగుతుందా, ఆగదా? విరిసిన దూది మీద మసి కనిపిస్తే వ్యాపారి ధర తగ్గిస్తాడు. కార్బన్ డయాక్సైడ్ నా కంటికి కనిపించదు, నా పంటకు అడ్డం రాదు.

ఆవిరి_గొట్టం
తమ్ముడూ, నేరుగా ఆగదు. బూడిదను ఆపేది ఈఎస్పీ, అది వేరే యంత్రం. గంధకాన్ని ఆపేది ఎఫ్‌జీడీ, అది ఇంకోటి. కానీ ఒక మేలు ఉంది. అమీన్ చాలా సున్నితమైనది. గంధకం, దుమ్ము తగిలితే పాడైపోతుంది. బౌండరీ డ్యామ్‌లో వాళ్లను బాధపెట్టిన వాటిలో ఇదొకటి. పదేళ్లలో కోటి టన్నులు పట్టవలసింది, 60 లక్షలు మాత్రమే దాటింది. అందువల్ల కార్బన్ యూనిట్ పెట్టాలంటే ముందు పొగను బాగా కడగక తప్పదు. ఆ కడగడంతో మీ చేనుకూ లాభమే.

పంతులమ్మ_చందా
ఆవిరి_గొట్టం గారూ, ఆ మాటలోనే నా కోపం ఉంది. గంధకం తీసే ఎఫ్‌జీడీ పెట్టాలని కేంద్రం నిబంధన తెచ్చింది 2015 డిసెంబరులో. రెండేళ్ల గడువు ఇచ్చారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, చివరికి 2025 జూలైలో దేశంలోని నాలుగింట మూడొంతులకు పైగా యూనిట్లకు అది అక్కరలేదని మినహాయించారు. చవకైన మొదటి మెట్టు ఎక్కనివాళ్లు, దానికి ఎన్నో రెట్లు ఖర్చయ్యే పదో మెట్టు ఎక్కుతారని పిల్లలకు ఎలా చెప్పమంటారు?

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క వేసినప్పుడు దేశంలో అత్యంత కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల్లో మన చంద్రపూర్ నాలుగోది, 83.88 మార్కులతో. నా తరగతిలో ముక్కు చీదుతూ కూర్చునే పిల్లలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

పత్తిచేను_రాజురా
పంతులమ్మ గారి మాటే నా మాట. పైగా మా వైపు దుమ్ము సగం ఓపెన్‌కాస్ట్ గనులది, బొగ్గు లారీలది. దానికి చిమ్నీ దగ్గర ఏం పెట్టినా ఏం లాభం?

గని_మేస్త్రి
లారీల మీద టార్పాలిన్ సరిగ్గా కప్పించి, రోజూ రోడ్డు తడిపిస్తే చాలు. మేము పనిచేసిన కాలంలో అడిగి చేయించుకున్నాం.

సున్నపురాయి
గడ్‌చాందూర్ నుంచి రాస్తున్నాను, సిమెంటు కర్మాగారంలో కిల్న్ (సున్నపురాయి కాల్చే కొలిమి) దగ్గర పని. అందరూ కరెంటు ప్లాంటునే చూస్తున్నారు. కరెంటుకు సౌర, పవన విద్యుత్తు ఉన్నాయి. సిమెంటుకు ఏముంది? సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. కిల్న్‌ను సౌర విద్యుత్తుతో నడిపినా అది ఆగదు. నార్వేలో బ్రెవిక్ సిమెంటు కర్మాగారంలో 2025లో కార్బన్ పట్టే యూనిట్ ప్రారంభించారు. పట్టినది ఓడలో తీసుకెళ్లి సముద్రం కింద దాస్తున్నారు. దిగుమతుల మీద ఐరోపా వేసే సరిహద్దు కార్బన్ పన్ను జాబితాలో సిమెంటు, ఉక్కు ఉన్నాయి. మన దేశంలో కొత్తగా వస్తున్న కార్బన్ క్రెడిట్ పథకంలోనూ సిమెంటు ఉంది, థర్మల్ కరెంటును మాత్రం మొదటి విడతలో చేర్చలేదు. కుర్రాడికి ఈ రంగం మీద మనసుంటే థర్మల్ గేటు దగ్గర కాదు, మా గేటు దగ్గర నిలబడమనండి.

బల్లార్షా_జంక్షన్
సున్నపురాయి అన్న చేతిలో పడితే ఏ చర్చయినా సిమెంటులోనే గట్టిపడుతుంది.

ఆ పథకంలో కాగితం కూడా ఉంది కదా అన్నా? మా ఊరి మిల్లుకూ వర్తిస్తుందేమో.

సున్నపురాయి
కాగితం రంగం జాబితాలో ఉంది. టన్ను ఉత్పత్తికి ఇంతకు మించి వదలకూడదని లక్ష్యం పెడతారు. ముందుగా చేసేది ఇంధనం పొదుపు, బొగ్గు తగ్గించడం. కార్బన్ పట్టడం దాకా వెంటనే రారు.

సిరోంచ_గోదారి
పట్టడం గురించే మాట్లాడుతున్నారు, దాచడం గురించి ఎవరూ అడగలేదు. నేను భూగర్భశాస్త్రం చదువుతున్నాను కాబట్టి నాకు ఇదే ముఖ్యం.

వాయువును 800 మీటర్ల కంటే లోతుకు పంపాలి. అక్కడి ఒత్తిడికి అది ద్రవంలా చిక్కబడి తక్కువ చోటు పడుతుంది. పైన నీటిని, వాయువును పోనివ్వని షేల్ లాంటి పొర, కింద రంధ్రాలున్న ఇసుకరాయి, అందులో తాగడానికి పనికిరాని ఉప్పునీరు ఉండాలి. మన వార్ధా లోయ నుంచి ప్రాణహిత, గోదావరి వెంట గోండ్వానా ఇసుకరాళ్లు ఉన్నాయి నిజమే. కానీ అదే ఇసుకరాయి పై భాగాల్లోంచి ఎన్నో ఊళ్లు బోరు నీళ్లు తాగుతున్నాయి. బొగ్గు కోసం వేసిన పాత బోర్లు కూడా చాలా ఉన్నాయి. ప్రతి పాత బోరూ వాయువు పైకి వచ్చే దారే అవుతుంది. అవన్నీ వెతికి మూయకుండా ఇక్కడ దాచడం గురించి మాట్లాడకూడదు.

వరోరా దాటి పడమటికి పోతే దక్కన్ నల్లరాయి మొదలవుతుంది. దాని మీద పరిశోధకులకు చాలా ఆశ ఉంది. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టులో కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్లలో కలిపి అలాంటి బసాల్ట్ రాయిలోకి పంపితే, రెండేళ్లలోపే 95 శాతం రాయిగా మారిందని 2016లో ప్రచురించారు. రాయిగా మారితే ఇక లీకు భయమే లేదు. కాకపోతే టన్ను వాయువుకు దాదాపు 25 టన్నుల నీళ్లు కావాలి. నీళ్లు కలపకుండా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2013లో చేసిన ప్రయోగంలోనూ రాయిగా మారింది, కానీ అక్కడ పంపింది వెయ్యి టన్నుల లోపే.

ఎరై_గట్టు
ఒక్క టన్నుకు 25 టన్నుల నీళ్లా! మన ప్లాంటు మొత్తం ఎంత వదులుతుంది?

ఆవిరి_గొట్టం
ఉజ్జాయింపుగా చెబుతాను. యూనిట్ కరెంటుకు దాదాపు కిలో. 2920 మెగావాట్లు ఏడాదంతా 60 శాతం సామర్థ్యంతో నడిచాయనుకుంటే 1,500 కోట్ల యూనిట్లు. అంటే కోటిన్నర టన్నులు.

పంతులమ్మ_చందా
ఎరై జలాశయంలో నీళ్లు చాలక 2010 వేసవిలో ప్లాంటు ఆపవలసి వచ్చింది, గుర్తుందా? దాచడం సంగతి అలా ఉంచి, పట్టడానికే చల్లబరిచే నీళ్లు అదనంగా కావాలి. మే నెలలో ఇక్కడ 47 డిగ్రీల ఎండ. ఊరికి కుళాయి నీళ్లు ఇవ్వాలా, అమీన్‌ను చల్లబరచాలా అన్న ప్రశ్న వస్తే ఎవరి మాట చెల్లుతుందో మనందరికీ తెలుసు.

గని_మేస్త్రి
లీకు అయితే ఏమవుతుంది చెల్లెమ్మా? గనిలో మేము ఆ వాయువును చూశాం. కిందికి దిగి గుంటల్లో నిలబడుతుంది. దీపం ఆరిపోతే మనిషి వెంటనే వెనక్కి రావాలి.

సిరోంచ_గోదారి
మీరు చెప్పినట్లే బాబాయ్, గాలికంటే బరువు. లోతైన పొరలోంచి ఒక్కసారిగా బయటపడే ప్రమాదం తక్కువ. పైపులైన్లతోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. 2020 ఫిబ్రవరిలో మిసిసిప్పీలోని సతార్షియా అనే పల్లె దగ్గర కార్బన్ డయాక్సైడ్ పైపు పగిలింది. వానలకు కొండవాలు జారి పైపు తెగింది. 45 మంది ఆస్పత్రి పాలయ్యారు. ఆక్సిజన్ అందక కార్ల ఇంజిన్లు కూడా ఆగిపోయాయి, పారిపోవడానికే వీలు లేకపోయింది. ఎవరూ చనిపోలేదు. మన దగ్గర అలాంటి పైపు వేసే రోజు వస్తే, ఏ ఊరి పక్కగా పోతుందో ముందే చెప్పాలి, ఊరివాళ్లకు ఆక్సిజన్ ముసుగులు, సైరన్లు ఇవ్వాలి.

పంతులమ్మ_చందా
చెప్పడం కూడా అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇక్కడ జన్‌సునావణి (ప్రజాభిప్రాయ సేకరణ సభ) పెట్టినప్పుడు కాగితాలు మరాఠీలోనూ ఇంగ్లీషులోనూ ఇస్తారు. సిరోంచలో, బల్లార్షా గని కాలనీల్లో ఉన్న మన ముసలివాళ్లలో ఎంతమంది అవి చదవగలరు? గోండులకూ అదే ఇబ్బంది.

ఆవిరి_గొట్టం
మీరంతా చెప్పినవి కాదనను. కానీ సాయంత్రం సూర్యుడు దిగాక దేశానికి కరెంటు కావాలి, అది ఈ రోజుకు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తోంది. మన దేశంలోనూ పని మొదలైంది. వింధ్యాచల్‌లో ఎన్‌టీపీసీ 2022లో రోజుకు 20 టన్నులు పట్టే యూనిట్ పెట్టింది, దాంతో మిథనాల్ చేయాలన్న ఆలోచన. తూత్తుకుడిలో ఒక రసాయన కర్మాగారం తన బొగ్గు బాయిలర్ పొగ నుంచి ఏటా 60 వేల టన్నులు పట్టి సోడా యాష్ చేసే ఏర్పాటు 2016లోనే చేసుకుంది. చిన్నగానైనా చేసి చూడకపోతే రేపు అవసరం వచ్చినప్పుడు జపాన్ వాళ్ల దగ్గర, అమెరికా వాళ్ల దగ్గర అడిగినంత ధర ఇచ్చి కొనుక్కోవాలి. ఎఫ్‌జీడీల విషయంలో అలాగే బయటివాళ్ల మీద ఆధారపడ్డాం.

పద్దుల_పుస్తకం
చిన్నగా చేసి చూడటం మంచిదే. కానీ 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటే, 60 శాతం సామర్థ్యంతో నడిచినా, రోజుకు 7 వేల టన్నులకు పైగా వదులుతుంది. 20 టన్నులు పట్టే చోట ఎన్ని ఉద్యోగాలుంటాయి?

ధర కూడా చూడండి. టన్ను పట్టి దాచడానికి తక్కువలో తక్కువ 50 డాలర్లనుకుందాం, డాలరు 85 రూపాయలనుకుందాం. టన్నుకు 4,250 రూపాయలు, కిలోకు నాలుగుంపావు. యూనిట్ కరెంటుకు వచ్చే కిలోలో 90 శాతం పడితే, యూనిట్‌కు దాదాపు నాలుగు రూపాయలు అదనం. కొత్త సౌర విద్యుత్తు యూనిట్ రెండున్నర రూపాయల దరిదాపుల్లో దొరుకుతోంది. బ్యాటరీ ఖర్చు కలిపి సాయంత్రానికి దాచుకున్నా, ఈ అదనపు నాలుగు రూపాయల ముందు బొగ్గు నిలబడటం కష్టం. ఏ డిస్కమ్ కొంటుంది?

ఆవిరి_గొట్టం
కేంద్రం రాయితీ ఇస్తే కొంటారు. 2022లో నీతి ఆయోగ్ నివేదిక కూడా రాయితీలు, నిధి కావాలనే చెప్పింది. నేను నా మాట మీదే ఉన్నాను, మొదట ఒకటి రెండు చోట్ల పెద్ద యూనిట్ పెట్టి చూడాలి. ఎఫ్‌జీడీ ఉన్న కొత్త ప్లాంటులో, దాచే చోటు దగ్గరున్న ప్లాంటులో. నీళ్ల సంగతి చూస్తే అది మన ఊళ్లో కాదని నేనూ ఒప్పుకుంటాను.

పత్తిచేను_రాజురా
అన్నా, ఆ రాయితీ డబ్బులో పదో వంతు ఈఎస్పీలు బాగుచేయడానికి, బూడిద చెరువు తడిగా ఉంచడానికి పెట్టమనండి. నా కూతురికి ఉబ్బసం. ముందు ఈ ఏడాది గాలి కావాలి, కార్బన్ నికరంగా సున్నా చేస్తామని దేశం గడువు పెట్టుకున్న 2070 నాటి గాలి తర్వాత.

బల్లార్షా_జంక్షన్
కుర్రాడి సంగతి మరిచిపోయాం. కోర్సు గురించి తేల్చండి.

ఆవిరి_గొట్టం
కట్టవద్దు. ఇక్కడ ఆ యూనిట్టే లేనప్పుడు అందులో ఉద్యోగం ఖాయమని ఎవరు చెప్పగలరు? పిల్లవాడు నేర్చుకోవలసింది పంపులు, వాల్వులు, హీట్ ఎక్స్‌ఛేంజర్లు, డిస్టిలేషన్, కంట్రోల్ రూమ్. యూరియా కర్మాగారంలోనో రిఫైనరీలోనో అప్రెంటిస్‌గా చేరితే అమీన్ టవర్ కళ్ల ముందే ఉంటుంది, నెలనెలా స్టైఫండ్ కూడా వస్తుంది. డిప్లొమా వాళ్లకు జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు ఉచితం. రేపు నిజంగా కార్బన్ యూనిట్లు వస్తే వాళ్లు వెతికేది అలాంటి అనుభవం ఉన్నవాళ్లనే.

సున్నపురాయి
మా దగ్గర కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటారు. ప్రకటన పడితే ఇక్కడ పెడతాను.

ఎరై_గట్టు
అక్కకు అన్నీ చదివి వినిపించాను. బంగారం బీరువాలోనే ఉంటుంది. అబ్బాయి ఈ రాత్రే పోర్టల్‌లో నమోదు చేస్తానన్నాడు.

ఇంకో చిక్కుంది. అదే సమావేశంలో సీటు కోసమని మా వీధిలో కొందరు ఐదేసి వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. తిరిగి అడిగితే ఫోను ఎత్తడం లేదు.

పద్దుల_పుస్తకం
రసీదు, ఫోన్‌పే చెల్లింపు వివరం, వాళ్లు పంచిన కరపత్రం, మూడూ ఫొటో తీసి ఉంచమనండి. ఉద్యోగం ఖాయమని కరపత్రంలో రాసి ఉంటే అదే పెద్ద ఆధారం. ముందు డబ్బు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగాలి. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

పంతులమ్మ_చందా
అందరి తరఫున మరాఠీలో దరఖాస్తు నేను రాసిపెడతాను. అడ్వాన్సు ఇచ్చినవాళ్లను శనివారం సాయంత్రం బడి వదిలాక రమ్మనండి. రసీదుల జిరాక్సులు తెచ్చుకోవాలి.

బల్లార్షా_జంక్షన్
జిరాక్సులు మా షాపులో తీసుకోండి, డబ్బులు వద్దు. మా వైపు కూడా ఇద్దరు కట్టారని ఇప్పుడే తెలిసింది, వాళ్లను శనివారం తీసుకొస్తాను.